అక్కర్లేనిది కత్తిరించాలి

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు అంటారు. నేను నానబోసింది గింజల్ని కాదు, మాటల్ని. ఏళ్ళ తరబడి వేసవి మేతకు కొండలెక్కే కాపరుల వెంట పడి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని, పులిసిన గుర్రప్పాలు తాగలేక తాగుతూ ఏరుకొచ్చిన కిర్గిజ్ మాటలవి. పట్నంలో ఎవరికీ తెలియని మాటలు. ఇచ్చినవాళ్ళకి నేను బదులుగా ఇచ్చింది ఒక్కటే. ఇవి ఎవడి సొత్తూ కానివ్వను, మీ మనవలూ మునిమనవలూ ఎవర్నీ అడక్కుండా తెరిచి చూసుకోవచ్చు అని మాటిచ్చాను. ఆ మాట పోయింది. పరాయివాడు పోగొట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. పోగొట్టింది తాలైబెక్ అగాయ్. నాకు మెయిల్ రాయడం నేర్పిన మనిషి.

అగాయ్ అంటే మా బిష్కెక్‌లో మాస్టారని. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయినా నిఘంటువు పని చేసే మా గుంపులో అందరికీ ఆయన అగాయే. ఇంత జరిగాక కూడా నా నోరు ‘ఆయన’ అనే అంటోంది చూడండి, అలవాటు చావదు. ఇంటర్నెట్‌లో కిర్గిజ్ నిఘంటువుకి ఒక సైటు పెట్టాలన్న పిచ్చి మొదట ఆయనకే పట్టింది. తర్వాత నాకు అంటించాడు. తలా ఒక ఊళ్ళో ఉన్న మా గుంపుకి కలుసుకునే చోటు మెయిలే. ఒకరు రాస్తే అందరికీ చేరేలా ఒక లిస్టు పెట్టాడు.

ఆ రోజుల్లో మా మెయిల్ చూస్తే ఏడుపొచ్చేది. రష్యన్‌లో లేని మూడు అక్షరాలు మా భాషలో ఉన్నాయి. మెయిల్‌లో రాసి పంపితే అవతలివాళ్ళకి వాటి చోట ప్రశ్న గుర్తులు చేరేవి. మెయిల్ ప్రోగ్రాం ఎంచుకోవడానికి అగాయ్ పెట్టిన పరీక్ష అదే. మా ఇంట్లో, వంటగది బల్ల మీద నా కంప్యూటర్ పెట్టుకుని ఒక్కో ప్రోగ్రాంలోంచి ఆ మూడు అక్షరాలూ పంపి, తిరిగి తెప్పించి చూశాడు.

“అక్షరాలు అక్షరాలుగా వెనక్కొస్తే ఉంచుకుందాం. ప్రశ్న గుర్తులుగా వస్తే గుమ్మం బయటికే. మన అక్షరాన్ని పట్టుకుని ఇదేంటని అడిగే ప్రోగ్రాం మనింట్లో ఎందుకు?” అన్నాడు.

చివరికి నెగ్గింది ఒక బూడిదరంగు ప్రోగ్రాం. బొమ్మల్లేవు, రంగుల్లేవు, ఏమీ లేవు.

“ఏంటి అగాయ్, ఇది మా అత్తగారి ఫ్రిజ్‌లా ఉంది” అన్నాను.

“ఆ ఫ్రిజ్ పనిచేస్తోందా?”

“చేస్తోంది.”

“మరింకేం.”

ఆ పైన మర్యాదలు నేర్పాడు. ఒక మెయిల్‌లో ఒక్క విషయమే రాయాలి. సబ్జెక్టు చదివితే లోపల ఏముందో తెలిసిపోవాలి. వాక్యాన్ని పొడుగ్గా సాగదీయకుండా పంక్తికొకటి చొప్పున రాయాలి. జవాబిచ్చేటప్పుడు, అవతలివాళ్ళ మాటలో దేనికి జవాబిస్తున్నామో ఆ పంక్తి మాత్రం ఉంచి, దాని కింద మన మాట రాయాలి. మిగతాది కత్తిరించాలి. కత్తిరించిన చోట మూడు చుక్కలు పెట్టాలి, అక్కడ ఇంకా ఏదో ఉండేదని చదివేవాళ్ళకి తెలియాలి కదా. ఈ చుక్కల దగ్గర మాత్రం ఆయన రాక్షసుడు. “పైన ‘సరే’ అని ఒక ముక్క రాసి కింద పాత మెయిళ్ళన్నీ వేలాడదీస్తే, గరిటె తిరిగివ్వడానికి వచ్చి పొయ్యి కూడా మోసుకొచ్చినట్టుంటుంది. చుక్కలు పెట్టకుండా కత్తిరిస్తే మాత్రం అది దొంగతనం” అనేవాడు. అవును, ఆ మాట అన్నది ఆయనే.

మొదట్లో ఒకసారి నేను ఊదారంగు అక్షరాలతో, అంచున పూలు పెట్టి ఒక మెయిల్ పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. “శుభలేఖ అందింది. పెళ్ళికొడుకు ఎవరు?” అంతే. మళ్ళీ రంగు ముట్టుకోలేదు. కొత్తగా గుంపులో చేరినవాళ్ళకి అవే మర్యాదలు నేనూ నేర్పాను. తలాస్ నుంచి వచ్చి, నన్ను ‘ఎజే’ అని, అంటే అక్కా అని పిలిచే మేరిమ్ అనే బడిపంతులమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టి రాయించినట్టు నేర్పాను. మా లిస్టులో మెయిల్ తెరిస్తే ఊడ్చి కళ్ళాపి చల్లిన వాకిలిలా ఉండేది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయేవాళ్ళమో.

మా గుంపుకి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏదైనా తేల్చుకోవాలంటే ఒకరు లిస్టులో అడుగుతారు. వారం రోజులు ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, మా దగ్గర అది పూర్తి అంగీకారం. ఒక్కదానికి మాత్రం మినహాయింపు. మాటల్ని బయటివాళ్ళకి ఇవ్వాలంటే ఏరినవాళ్ళు నోరు తెరిచి ఔననాలి. వాటిలో చాలావరకు ఏరింది నేను.

మొన్న వేసవికి ముందు అల్మాటీ నుంచి ఒక కంపెనీ వచ్చింది. ఫోన్లలో పెట్టుకోవడానికి మా నిఘంటువు కావాలంది. నేను వాళ్ళని చూడలేదు, మాట్లాడిందంతా అగాయే. నేను కొండలకు బయల్దేరే రోజు ఫోన్ చేశాడు.

“ఉల్జాన్, లిస్టులో పెట్టే ముందు నీ మనసులో ఏముందో నాకొక్కడికే రాసి పంపు. నువ్వు పైకెళ్తే సిగ్నల్ ఉండదు. నీ తరఫున నేను చూసుకుంటాగా” అన్నాడు.

“నా మనసులో ఏముందో మీకు తెలీదా అగాయ్? వెయ్యిసార్లు చెప్పాను.”

“తెలుసు. అయినా రాతలో ఉంటే మంచిది.”

రాసిచ్చాను. ఆయన నేర్పినట్టే, పంక్తికొక వాక్యం.

కంపెనీకి మన మాటలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.
కానీ మన దగ్గరున్నది ఇప్పటిలాగే అందరికీ తెరిచి ఉండాలి.
అది మూసేయాలంటే ఒప్పుకోను, ఇచ్చినవాళ్ళకి మాటిచ్చాను.

పంపేసి, సంచీ భుజాన వేసుకుని అసిల్‌కాన్ అపా దగ్గరికి వెళ్ళిపోయాను.

అసిల్‌కాన్ అపా సోన్‌కుల్ సరస్సు దగ్గర గుర్రాలు మేపే కుటుంబానికి పెద్ద. అపా అంటే అమ్మ లాంటి పెద్దావిడ. మా నిఘంటువులో ఆవిడ ఇచ్చినన్ని మాటలు ఇంకెవరూ ఇవ్వలేదు. గుర్రానికి ఏడాదికో పేరు, వన్నెకో పేరు, నడకకో పేరు ఉంటాయి ఆవిడ దగ్గర. పాలు పితుకుతూ చెప్పేది, ఉన్ని దువ్వుతూ చెప్పేది, నన్ను తిడుతూ కూడా చెప్పేది. “పట్నం గుడ్డిదానా, అది ఎరుపు కాదే, కళ్ళు పెట్టుకు చూడు” అని, ఆ రంగుకి నేనెన్నడూ వినని పేరు చెప్పేది. ఆ వేసవి కూడా అలాగే గడిచింది. గుడారం ముందు కూర్చుని నేను రాసుకుంటుంటే, కింద నా వెనకాల జరగాల్సింది జరిగిపోయింది.

దిగి వచ్చేటప్పుడు కొచ్‌కోర్‌లో బండి మారడానికి ఆగాను. టీ దుకాణంలో కూర్చుని కంప్యూటర్ తెరిస్తే మెయిళ్ళన్నీ వచ్చి పడ్డాయి. అన్నిటికన్నా పైన ఉన్నది అగాయ్ పంపినది. తెరవగానే ఏదో తేడా కొట్టింది. ఇంకా ఒక్క అక్షరం చదవలేదు నేను. కానీ మెయిల్ నిండా రంగులే. అక్షరాలు నీలం. చివర తళతళలాడే కంపెనీ గుర్తు, దాని కింద తాలైబెక్ అగాయ్ పేరు, పేరు కింద ‘భాషా సలహాదారు’ అని. ఆ కిందేమో ఈ మెయిల్ మీది కాకపోతే చెరిపేయండి అని బెదిరింపు లాంటి చిన్నక్షరాల ముద్ద. జవాబంతా పైన రాసి, కింద పాత మెయిళ్ళన్నీ ఈడ్చుకొచ్చాడు. ఊదారంగు చూసి నన్ను పెళ్ళికూతుర్ని చేసిన మనిషి ఆయనేనా? ప్రోగ్రాం కూడా మార్చేశాడు. ఇల్లు మారినవాడు పాత ఇంటి తాళం ఎవరి చేతిలో పెట్టాడో అని భయం వేసింది.

అప్పుడు చదివాను. అందరి అంగీకారంతో నిఘంటువును కంపెనీకి అప్పగించామని, ఒప్పందం ప్రకారం మన సైటు మూసేశామని, ఇన్నేళ్ళ శ్రమకు అందరికీ వందనాలని ఉంది. ఎవరి అంగీకారం? కిందికి వెతుక్కుంటూ వెళ్ళాను. నేను పైన ఉన్నప్పుడు లిస్టుకి ఆయన పంపిన మెయిల్ కనబడింది. అది మాత్రం పాత పద్ధతిలోనే ఉంది, శుభ్రంగా, తీర్చిదిద్దినట్టు.

> కంపెనీకి మన మాటలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

దాని కింద ఆయన మాట. “పైన ఉన్నది ఉల్జాన్ సమ్మతి. కంపెనీ తీసుకున్నాక మన సైటు ఉండదు. మిగతావాళ్ళకి అభ్యంతరం ఉంటే వారంలో చెప్పండి.”

చుక్కలు లేవు. మూడంటే మూడు చుక్కలు, అవి లేవు. ఎవరూ ఏమీ చెప్పలేదు. వారం గడిచింది, అయిపోయింది. టీ దుకాణం ఆవిడ వచ్చి, “ఒంట్లో బాలేదా ఎజే?” అని అడిగింది. ఏం చెప్పను? తడిగుడ్డతో గొంతు కోస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

బిష్కెక్‌లో దిగి ఇంటికి కూడా పోలేదు. కొండ మట్టి కాళ్ళతోనే అగాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, నా మొహం చూసి, వంటింట్లోకి పోయి టీ పెట్టింది. అగాయ్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంటాడేమో అనుకున్నాను. ఎక్కడ, నన్ను చూసి నవ్వాడు.

“ఎప్పుడొచ్చావు? కూర్చో. బోర్సోక్‌లు ఇప్పుడే నూనెలోంచి తీశారు, వేడిగా ఉన్నాయి.”

“నా రెండో వాక్యం ఏమైంది అగాయ్?”

ఆయన నవ్వు పోలేదు గానీ చిక్కిపోయింది. “ఉల్జాన్, నువ్వు రాయని మాట ఒక్కటైనా నేను పెట్టానా చెప్పు.”

“పెట్టలేదు. రాసిన మాట తీసేశారు.”

“మనం ఎప్పుడూ చేసేదేగా. జవాబుకి అక్కర్లేనిది కత్తిరిస్తాం.”

“అక్కర్లేనిదా? నేను ఇచ్చిన మాట అక్కర్లేనిదా?”

“అరవకు. గోడ పక్కన మనుషులుంటారు.” ముందుకు వంగాడు. “చూడు. మన సైటు నడిచే ఆ సర్వర్ నా పాత గదిలో దుమ్ము తింటోంది. రేపు నేను పోతే దాన్ని ఎవరు చూస్తారు? నువ్వా? నీకు ప్లగ్గు ఎక్కడుందో కూడా తెలీదు. ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ మన భాష ఉంటుంది. తెరిచి ఉంచితే మాకొద్దన్నారు వాళ్ళు. నిన్ను అడిగితే కాదంటావు. ఎప్పటికీ కాదంటావు. మరి నేనేం చెయ్యను?”

“కాదంటానని తెలుసు. తెలిసే ఔనన్నట్టు పెట్టావు.”

నా జీవితంలో ఆయన్ని ‘నువ్వు’ అన్నది అదే మొదటిసారి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన మొహం నల్లబడింది. నేను ఆగలేదు. ఇంకా అన్నాను, “కంచే చేను మేస్తే కాపలా ఎవరిని పెట్టుకోవాలి? చుక్కలు పెట్టకపోతే దొంగతనమని నేర్పింది నువ్వు కాదూ?”

“చుక్కలు పెడితే ఏముందని అడుగుతారుగా” అన్నాడు మెల్లగా. పోనీ అబద్ధమైనా చెప్పలేదు. మర్చిపోయానంటే నమ్మడానికి నేను సిద్ధంగానే ఉన్నాను, అంత పిచ్చిదాన్ని. ఆయన భార్య తెచ్చిన టీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. మా దగ్గర అలా లేవడం తిట్టుకన్నా పెద్దది. ఆవిడ పాపం ఏం చేసింది, అయినా లేచాను.

ఇంటికెళ్ళి లిస్టుకి నా మెయిల్ మొత్తం పెట్టాను. ఏదీ కత్తిరించలేదు. మూడు వాక్యాలూ, తేదీ, ఆయనకు పంపిన వేళ, అన్నీ ఉన్నాయి. కింద రాశాను, నేను ఒప్పుకున్నది ఇది, ఆయన చూపించింది అది, ఇప్పుడు మీరేమంటారు అని. పంపి ఎదురుచూశాను. వీళ్ళు నా మనుషులు, నేను చెయ్యి పట్టి నేర్పినవాళ్ళు, భగ్గుమంటారనుకున్నాను. ఒకరు మాత్రం రాశారు, సబ్జెక్టు మార్చి ఉంటే వెతుక్కోవడానికి వీలుగా ఉండేదని. ఇంకెవరూ నోరు విప్పలేదు.

చివరికి మా ఊరి ఓష్ బజారులో రొట్టెలమ్మే వరసలో మేరిమ్ ఎదురుపడింది. తప్పించుకునే దారి లేక ఆగింది.

“ఎజే, కోపంగా ఉన్నావా?”

“లేదమ్మా, పండగ చేసుకుంటున్నా.”

చేతిలో రొట్టెల గుడ్డ ముడి విప్పి, మళ్ళీ కట్టింది. “ఆ మెయిల్ చూడగానే నాకు అనిపించింది ఎజే. అది నీ మాటలా లేదు. నువ్వు షరతు పెట్టకుండా టీ కూడా తాగవు. అభ్యంతరం లేదు అని అక్కడితో ఆపేస్తావా నువ్వు?”

“అనిపించి ఏం చేశావు?”

“ఎవరైనా అడుగుతారేమో అని చూశా.”

“నువ్వు అడగలేవూ? నోట్లో నాలుక లేదూ?”

“అడిగితే సైటు మీద పడేది కదా. ఎవరు నడపాలి, ఎవరు చూసుకోవాలి అని. అలిసిపోయాం ఎజే. బడి, పిల్లలు, ఇది. అగాయ్ తీసుకెళ్ళిపోతానంటే ఊపిరి పీల్చుకున్నాం. నీకు చెప్పే ధైర్యం లేక…”

“ఎంతమందికి తెలుసు?”

“ఒకరికొకరం ఫోన్ చేసుకున్నాం.” తల ఎత్తలేదు. “అందరికీ తెలుసు ఎజే.”

అగాయ్ ఒక్కడే మోసం చేశాడనుకున్నంతకాలం నాకు కాస్త బలం ఉండేది. ఒకణ్ణి తిట్టుకోవచ్చు. ఆయన వాక్యం కత్తిరించాడు సరే, చుట్టూ చేరి చూసినవాళ్ళలో ఒక్కరికైనా ఆ మిగతా ముక్క ఏదని నోరు రాలేదు. నేను కొండ మీద ఎండలో మాటలేరుతుంటే, వీళ్ళు నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకున్నారు. బజారు మధ్యలో నిలబడి ఏడ్చాను, సిగ్గేమిటి. మేరిమ్ నా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాను.

కాపరులు కొండలు దిగి ఊళ్ళోకి వచ్చారని తెలిశాక అసిల్‌కాన్ అపా ఇంటికి బయల్దేరాను. ఎవరో చెప్పి ఆవిడకి తెలిసేకన్నా నా నోటితో చెప్పాలనుకున్నాను. వెళ్ళేసరికే ఆలస్యమైంది. ఆవిడ కోడలు ఆ ఊరి బళ్ళో పాఠాలు చెబుతుంది. మా నిఘంటువు తెరిచి పిల్లలకి చూపించేది, ఇది మీ నాయనమ్మ చెప్పిన మాట, ఇది మీ తాత చెప్పిన మాట అని. బళ్ళు తెరిచాక చూడబోతే తెర మీద సైటు మూసేశారన్న పలక కనబడిందట. పలక మీద, మాటలు సేకరించిన ఉల్జాన్ గారి సమ్మతితో అని నా పేరు కూడా పెట్టాడట మహానుభావుడు.

అపా నన్ను బయట నిలబెట్టలేదు. లోపలికి రమ్మంది, పెద్ద అతిథులు కూర్చునే చోట కూర్చోబెట్టింది. రొట్టె, మీగడ, జామ్ అన్నీ పరిచింది. తిట్టలేదు. వేసవిలో పట్నం గుడ్డిదానా అన్న మనిషి నన్ను ‘మీరు’ అంటుంటే అక్కడే సగం చచ్చాను.

“రొట్టె తుంచండి. దూరం నుంచి వచ్చారు” అంది.

“అపా, నేను ఒప్పుకోలేదు. మూడు వాక్యాలు రాశాను. కంపెనీకి ఇవ్వడం కోసం అగాయ్ ఒకటే చూపించారు. మిగతావి తీసేశారు. కావాలంటే చూపిస్తాను, ఇదిగో…” కంప్యూటర్ తెరవబోయాను. కోడలు వచ్చి పక్కన నిలబడింది. అపా చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకు మీ మెయిల్ గియిల్ తెలీదు. ఎవరు ఏం తీశారో, ఎవరు ఏం పెట్టారో అసలే తెలీదు. ఆయనెవరో నేను చూడలేదు. ఆ కంపెనీ వాళ్ళనీ చూడలేదు. నాకు తెలిసింది మీరు. నేను మీకిచ్చాను.”

నా దగ్గర పూర్తి మెయిల్ ఉంది, తేదీ ఉంది, వేళ ఉంది. ఎవరికి చూపించుకోను? ఆయన చేసిన మోసం నాతోనే ఆగి ఉంటే ఎలాగో మింగేదాన్ని. నా చేతుల మీదుగా వెళ్ళి ఈవిడకి తగిలింది, ఈవిడకి కనబడే చెయ్యి నాదొక్కటే.

కిటికీలోంచి దొడ్డి కనబడుతోంది. కొత్తగా కొన్నదేమో, నేనెప్పుడూ చూడని ఆడగుర్రం ఒకటి గడ్డివామి పక్కన నిలబడి ఉంది. ఒళ్ళంతా పొగరంగు, మెడ దగ్గరికొచ్చేసరికి పసుపు తిరిగింది. ఏదో ఒకటి మాట్లాడాలని, పాత అలవాటు కొద్దీ అడిగాను.

“ఆ రంగుని ఏమంటారు అపా?”

ఆవిడ కిటికీ వైపు చూసింది. చాలాసేపు చూసింది. పేరు ఆవిడ పెదవుల దాకా వచ్చిందని నాకు తెలుసు, అలాంటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఎన్నో ఏళ్ళుగా చూసినదాన్ని.

“గుర్రం” అంది. “గుర్రాన్ని గుర్రమనే అంటారు. టీ తాగండి, చల్లారిపోతోంది.”